పెద్దాయన గెలిచిన పడవ పందెం

వానకు తడిసిన షామియానా గుడ్డ వాసన నాకు ఇప్పటికీ పడదు. నిన్న పొద్దున తిరుపతిలో మా వీధిలో వేసిన పెళ్లి పందిరి దగ్గర మళ్లీ అదే వాసన తగిలింది. మిగతావాళ్లకు అది పెళ్లి వాసన కావచ్చు, నాకు మాత్రం డెబ్బైల్లో పూతలపట్టు దగ్గర మా ఊరి చెరువు మీద వెలిసిన పడవల క్లబ్బు వాసన, అంటే శుద్ధ డాబుసరి వాసన.

మా నాయన గుమాస్తాగా పనిచేసే రైసుమిల్లు యజమాని జయరామయ్య, మద్రాసులో ఒకసారి తెరచాప పడవల పందెం చూసివచ్చాడు. పోయిన తండ్రి పేరు నిలబెట్టాలనుకున్నవాడు బడి కట్టించవచ్చు, బావి తవ్వించవచ్చు. ఈయన మాత్రం ఏడాదికి నాలుగు నెలలు నీళ్లుండే చెరువుకు క్లబ్బు పెట్టి, పులికాట్ నుంచి రెండు పాత పడవలు లారీలో తెప్పించి, వాటికి షామియానా గుడ్డతో ఎర్ర నీలం చారల తెరచాపలు కుట్టించాడు. సభ్యుల్లో ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు. కార్తీకమాసపు చలిగాలిలో కట్ట మీద మడత కుర్చీలు వేసుకుని, ఉద్దివడలు ఊరుబిండి పచ్చడిలో అద్దుకుని తింటూ, గాలి ఎటు వీస్తోందో చేతిరుమాలు పైకెత్తి చూసి గంభీరంగా తలలాడించేవారు. వడలు అయిపోగానే గాలి ముచ్చట కూడా అయిపోయేది.

నేర్పడానికి పడవలతోపాటు వచ్చినవాడు పెంచలయ్య, పులికాట్ సరస్సులో చేపలు పట్టుకు బతికే మనిషి. ఆయన్ను కుర్చీలో కూర్చోమన్న పాపాన ఎవరూ పోలేదు. నేర్చుకుంటామని ఎక్కిన పెద్దమనుషులు పడవ ఒక్కసారి ఊగగానే పంచెలు ఎగ్గట్టి దిగిపోయారు. చివరికి మిగిలింది పదకొండేళ్ల నేనూ, నా నేస్తం లలితా. తొక్కుడుబిళ్ల, అచ్చనగాయలు తప్ప ఎరగని మా చేతులు తెరచాప తాడు లాగి లాగి బొబ్బలెక్కాయి. "రుమాలెందుకు పాపా, గాలి చెంపకే తెలస్తాది. తాడు మాత్రం ఇడవాకు" అనేవాడు పెంచలయ్య. గెలవాలన్న పిచ్చి ఎంతగా పట్టిందంటే, పెరట్లో సంగటి తింటూ కూడా చెంప గాలికి తిప్పుకుని కూర్చునేదాన్ని.

పెద్దాయన, అంటే జయరామయ్య పోయిన తండ్రి, ఆయన తిథినాడే స్మారక పందెం. చెరువు తూము దగ్గర బయలుదేరి, నిండితే నీళ్లు పొర్లే మొరవ దాకా పోవాలి. ఒక పడవ మాది. రెండోదానిలో తాడు పట్టడానికి పెంచలయ్య, జయరామయ్య, ఆయన కొడుకు, వడల గంప, వీటన్నిటి మధ్యన కుర్చీలో పూలదండ వేసిన పెద్దాయన పటం, దానికొక గొడుగు. అంత బరువుతో ఆ పడవ నిండు చూలాలిలా కదిలింది. సగం దూరంలోనే మేము దాటేశాం. కట్ట మీద మొదట నవ్వులు వినిపించాయి, తర్వాత ఒక్కసారిగా సద్దుమణిగింది. చూస్తే మా నాయన కట్ట వెంబడి పరుగెత్తుకొస్తున్నాడు.

"పాపా, తాడు ఇడ్సు. పెద్దాయన్ను దాటుకోని పోతావా? రేపు మిల్లుకు నేను యా మొగం పెట్టుకోని పోయేది?"

స్మారక పందెంలో చచ్చిపోయినాయనే గెలవాలని ఎవరూ ముందుగా చెప్పలేదు, అందరికీ తెలుసు, మాకూ పెంచలయ్యకూ తప్ప. మొరవ పది బారల దూరంలో ఉంది. నేను తాడు వదిలాను. చారల గుడ్డ టపటపా కొట్టుకుంది, గొడుగూ పటమూ మమ్మల్ని దాటిపోయాయి. జయరామయ్య కప్పును తండ్రి పటానికి తనే బహూకరించి, పటం తరఫున తనే అందుకుని, కళ్లు తుడుచుకున్నాడు. సభ్యులు చప్పట్లు కొట్టి వడల దగ్గరికి నడిచారు.

"ఈడిదాకా వచ్చి ఇడ్సినావే" అన్నాడు పెంచలయ్య. తిట్టినా బాగుండేది. ఆ వారమే ఆయన పులికాట్ బస్సెక్కాడు. మరుసటేడు వానల్లేవు. పడవలు జయరామయ్య ఎనుములకు కుడితి తొట్లయ్యాయి, ఆ క్లబ్బు ఊరికి చేసిన మేలు అదొక్కటే. ఇప్పుడు చెరువంతా ఇళ్ల స్థలాలు, ముందర సిమెంటు కమాను, దాని మీద పెద్దాయన పేరు. ఇప్పటికీ ఆయనే ముందు. వాళ్లందరినీ ఈసడించుకోవడం నాకు సులువే, ఆ రోజు వదిలిన చేయి నాది కావడమే మింగుడుపడదు.

నిన్న పందిరి విప్పుతూ పనివాడొకడు, "రవ్వంతసేపు పట్టుకోమ్మా" అని తాడు నా చేతికిచ్చాడు. చెంపకు గాలి తగిలింది. గుడ్డ పొంగి లాగింది, అరచేతులు మండాయి.

"ఇంక సాలు, ఇడ్సమ్మా" అన్నాడు.

నేను వదల్లేదు.