కదలని లిఫ్టుకు ఆపరేటరు

ఆసుపత్రిలో ఆమెను అందరూ లిఫ్టమ్మ అనేవారు. అక్కడే లిఫ్టు నడిపే భర్త జబ్బుచేసి పోతే ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. తలుపు మూస్తే ఊపిరాడని పెట్టె అది. కిటికీ లేదు, పక్కనున్న రోగి దగ్గితే మొహం తిప్పుకోవడానికి చోటు లేదు. చేరిన కొత్తలో ఇంటికెళ్ళి వాంతులు చేసుకునేది. అయినా మానలేదు. మానితే మంచం దిగలేని అత్తగారినీ, చదువుకుంటున్న ఆడపడుచునీ ఎవరు చూస్తారు?

చాలా ఏళ్ళకి ఒక వానాకాలంలో లిఫ్టు మోటారు కాలిపోయింది. ఆ మాట ఆమె రోజూ ఆఫీసులో చెప్పింది. మరమ్మతుల విభాగానికి రాశాం, వాళ్ళు పలకడం లేదన్నారు. మూడో అంతస్తులో కాన్పుల వార్డు, ఆ పైన ఆపరేషన్ థియేటరు. రోగుల్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్లమీద మోసుకెళ్ళేవారు. అది ఆమె చూడలేకపోయేది. ఆ పెట్టె తప్పినందుకు మాత్రం లోలోపల ప్రాణం లేచొచ్చింది. దుప్పట్లు మడిచే గదికి మార్చమని అర్జీ పెట్టుకుంది. రెండు పెద్ద కిటికీలున్న గది. సూపరింటెండెంటు సరే, సోమవారం నుంచి వెళ్ళమన్నాడు.

ఆ సోమవారం రాలేదు. ఈలోగా శాసనసభ నుంచి ఒక ప్రశ్న వచ్చిపడింది. ఆ ప్రాంతపు సభ్యురాలు రాతపూర్వకంగా అడిగింది: ఆసుపత్రిలో లిఫ్టు పనిచెయ్యడం లేదన్న మాట నిజమేనా? నిజమైతే ఏం చర్య తీసుకున్నారు? అలా అడిగితే శాఖ రాతలోనే జవాబివ్వాలి. ఆసుపత్రి రాసి పంపిందే మంత్రి పేరుమీద సభలో అచ్చవుతుంది.

హెడ్‌గుమాస్తా ఇలాంటివాటిలో చెయ్యితిరిగినవాడు. నిమిషాలమీద జవాబు తయారుచేశాడు. "మొదటి ప్రశ్నకు: కాదండి. ఆసుపత్రిలో లిఫ్టు ఉంది, ఆపరేటరు విధుల్లో ఉన్నారు. రెండవది: ప్రశ్న ఉత్పన్నం కాదు."

తర్వాత లిఫ్టమ్మని పిలిచాడు.

"నీ బదిలీ ఇక మర్చిపో. ఆపరేటరు ఉన్నారని సభకి చెప్పాం. నువ్వు కదిలితే మంత్రిగారు అబద్ధమాడినట్టవుతుంది."

"లిఫ్టే కదలదు కదండీ, నేనక్కడ ఏం చెయ్యను?"

"కూర్చో. ఎవరైనా అడిగితే, చిన్న సమస్య, కాసేపట్లో బాగవుతుందని చెప్పు."

అలా ఆమె కదలని లిఫ్టులో స్టూలు వేసుకుని కూర్చుంది. తలమీద బల్బు వెలిగేది. వచ్చినవాళ్ళంతా ఆమె కావాలనే నడపడం లేదనుకునేవారు. "కూర్చోడానికేనా జీతం?" అని ఒకాయన మొహంమీదే అడిగాడు. ఆమె కాసేపట్లో బాగవుతుందంది. రోజంతా అదే మాట. మంచినీళ్ళు తాగడం తగ్గించుకుంది, లేచి వెళ్ళిన క్షణంలోనే ఎవరైనా తనిఖీకి వస్తారేమోనని.

ఒక మధ్యాహ్నం ఆమె ఆడపడుచే నొప్పులతో వచ్చింది. అప్పటికి పెళ్ళయింది, ఇది తొలికాన్పు. ఇద్దరు మనుషులు కుర్చీ ఎత్తారు. లిఫ్టు ముందు నుంచి పోతూ ఆ పిల్ల చెయ్యి చాచింది.

"వదినా, అందులో ఎక్కించవా?"

కాసేపట్లో బాగవుతుందన్న మాట లిఫ్టమ్మ నోటికి రాలేదు. స్టూలు మీంచి లేచి, కుర్చీ వెనక కాలు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కింది. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. కిందికొచ్చేసరికి స్టూలు మీద మెమో ఉంది: విధుల్లో లేనందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

కొన్నాళ్ళకి ఆ సభ్యురాలే చెప్పాపెట్టకుండా వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో అచ్చయిన జవాబు. సూపరింటెండెంటూ హెడ్‌గుమాస్తా పరుగున వచ్చి వెనక నిలబడ్డారు.

"లిఫ్టు పనిచేస్తోందామ్మా?"

లిఫ్టమ్మ ఆవిడ భుజం మీదుగా వాళ్ళ మొహాలు చూసింది. "లిఫ్టు ఉందండి. నేను డ్యూటీలో ఉన్నానండి."

ఆవిడ కాగితం వైపు చూసింది. అందులోనూ అవే మాటలు. లోపలికొచ్చి నిలబడింది. "అయితే మూడో అంతస్తుకి పోనీ."

లిఫ్టమ్మ మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"కరెంటు ఇప్పుడే పోయిందండి," అన్నాడు హెడ్‌గుమాస్తా.

ఆవిడ తలెత్తి వెలుగుతున్న బల్బుని చూసింది. "తప్పు నాదేలే. అవునా కాదా అని అడిగితే కాదని తప్పించుకోవడం మీకు తేలికైంది. ఈసారి అలా అడగను," అని మెట్లవైపు నడిచింది.

రెండో ప్రశ్న వచ్చింది. ఏడాదిలో లిఫ్టు ఎన్ని రోజులు కదిలింది? చివరిసారి రోగిని పైకి చేర్చింది ఎప్పుడు? మరమ్మతుకి ఎవరికి రాశారు, వాళ్ళేమన్నారు? మొదటి జవాబుకి బాధ్యులెవరు?

హెడ్‌గుమాస్తా కాగితం పట్టుకుని లిఫ్టు దగ్గరికొచ్చాడు. గొంతులో ఎన్నడూ లేని తీపి.

"లిఫ్టు ఆగిందని నువ్వు మాకు చెప్పలేదని రాశాను. సంతకం పెట్టెయ్యమ్మా. నీకేం కాకుండా నేను చూసుకుంటా."

"రోజూ చెప్పాను కదండీ."

"చెప్పావులే, కాదన్నానా? మీ ఆయన పేరుమీద వచ్చిన ఉద్యోగం, నిలబెట్టుకో."

అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె వెనక రేకు గోడ. చెమటతో జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. కాగితం రెండుసార్లు చదివింది.

"పెట్టనండీ."

"ఆలోచించుకో."

"ఇన్నాళ్ళూ ఇందులో కూర్చుని చేసింది ఆలోచించడమేనండి."

ఇంకొకరిని ఒప్పించే వ్యవధి లేకపోయింది. గడువుకి నిజమే వెళ్ళింది: లిఫ్టు కదలలేదు, మరమ్మతుల విభాగం పలకలేదు, మొదటి జవాబు విచారించకుండా ఇచ్చారు. అది అచ్చయ్యాక కొత్త మోటారు రావడానికి ఎన్నో రోజులు పట్టలేదు. సూపరింటెండెంటుకి మందలింపు వచ్చింది. హెడ్‌గుమాస్తా కుర్చీ చెక్కుచెదరలేదు. దుప్పట్ల గది అతను వేరే ఆవిడకి ఇప్పించాడు. ఆపరేటరుతో సహా లిఫ్టు రాత్రింబవళ్ళు అందుబాటులో ఉందని సభకి మరో కాగితం పంపాడు.

లిఫ్టు నడుస్తోంది. కడుపుతో ఉన్నవాళ్ళూ, కట్లు కట్టించుకున్నవాళ్ళూ ఎక్కి, పైకి చేరగానే ఆమెకి దణ్ణం పెడతారు. ఆమె తలూపుతుంది. తలుపు మూసుకున్న ప్రతిసారీ ఊపిరి బిగబట్టి అంకెలు చూస్తుంది.

ఒకరోజు ఆ సభ్యురాలు ఎవరినో పలకరించడానికి వచ్చి లిఫ్టెక్కింది. ఏదో రాసుకుంటోంది, తలెత్తలేదు. దుప్పట్ల గది మాట ఎత్తుదామని లిఫ్టమ్మ గొంతు సవరించుకుంది. ఇంతలో మూడో అంతస్తు వచ్చింది. ఆవిడ దిగిపోయింది. కింద ఎవరో గంట కొట్టారు.