ముందు వరుసలో చప్పట్లు

ఈ రోజు ఆఫీసుకు జ్వరమని అబద్ధం చెప్పి, నేను రాసిన మొదటి డైలాగు షూటింగ్ చూడటానికి ఫిల్మ్ నగర్ వెళ్లాను. "రేపటిని నమ్మకండి, ఈ రోజే బతకండి" అని హీరో అనగానే జూనియర్ ఆర్టిస్టులు చప్పట్లు కొట్టాలి.

మూడో టేకయ్యాక ముందు వరుసలోని యాదగిరి అసిస్టెంట్ డైరెక్టర్ దగ్గరికొచ్చాడు.

"సార్, నా రూమ్ల ఉండేటోడు పొద్దుగాల సచ్చిపోయిండు. మూడింటికి ఊరికి తీస్కపోతరు. జర మొహం చూసొస్త."

"ముందు వరుసలో నువ్వు లేకపోతే షాటుకీ షాటుకీ తేడా వచ్చి కంటిన్యుటీ పోతుందయ్యా. రేపు వాళ్ల ఊరెళ్లు," అన్నాడాయన.

యాదగిరి సాయంత్రం దాకా నా డైలాగుకి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. నేను డైరెక్టరుతో ఒక్క మాట చెప్పాల్సింది. మొదటి సినిమా కదా, ఇంకోటి వచ్చాక ధైర్యంగా మాట్లాడదాంలే అని ఊరుకున్నాను.

ఈ రోజే బతకమని రాసింది నేనే. మీరైతే నోరు విప్పేవారా?