దొరసాని కుడికి తిప్పమంది

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి లోకంలో ఉన్నవన్నీ తెలుసని జనం అనుకునేవాళ్ళు. జనం అనుకుంటే ఫరవాలేదు, ఆ కూర్చున్నవాడు కూడా అలాగే అనుకునేవాడు. గొడవంతా అక్కడే వచ్చింది. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కింద చెప్పుల షాపు, పైన పళ్ళ డాక్టరు, మధ్య అంతస్తులో మా నెట్ సెంటరు. నాకు ఇరవై ఏళ్ళు. పరీక్షల రిజల్ట్సు తీసివ్వడం, ఫారాలు నింపడం, ప్రింటర్లో ఇరుక్కున్న కాయితం లాగడం నా ఉద్యోగం. అయితే వచ్చినవాళ్ళు అంతటితో ఊరుకునేవాళ్ళు కాదు. రక్త పరీక్ష కాయితం చూపించి "ఇది షుగరేనంటావా బాబూ?" అని అడిగేవాళ్ళు. వీసా వస్తుందా రాదా అని అడిగేవాళ్ళు. ఒకావిడ మిక్సీ తీసుకొచ్చింది. నేను అందరికీ జవాబు చెప్పేవాణ్ణి. (మిక్సీ కూడా విప్పాను. ఆవిడ మళ్ళీ మా మెట్లెక్కలేదు.) "నాకు తెలియదు" అనే ఐదు అక్షరాలు మాత్రం నా నోటికి వచ్చేవి కావు. అక్షరాలు లెక్కపెట్టడం కూడా సరిగా రాదని మీకీపాటికి అర్థమై ఉంటుంది.

మాది బందరు అవతల సముద్రం ఒడ్డున ఊరు. మా అమ్మ తమ్ముడు, నా మేనమామ, అక్కడ బోటు నడిపే సరంగు. ఒడ్డున ఆయన మాటకి గొప్ప విలువ. ఎందుకంటే, నీళ్ళలో ఎక్కడున్నామో తెలియనప్పుడు తాడుకి కట్టిన సీసం గుండు కిందకి దించి, దానికంటుకొచ్చిన బురదని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి చోటు చెప్పేవాడు. పదేళ్ళప్పటి నుంచి సముద్రం మీదే బతికినవాడు. అలాంటి మనిషి నన్ను చూపించి పదిమందిలో "మా అల్లుడు కంప్యూటరు చదివాడు, వాడికి తెలియందంటూ లేదు" అనేవాడు. నేను తల వంచుకుని, కాదనకుండా, అణకువగా నవ్వేవాణ్ణి.

మా పెదనాన్న కొడుకు ఒకడు సరుకు ఓడలో వంటవాడు. మేమంతా ఓడన్నయ్య అనేవాళ్ళం. ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు మావయ్య వాణ్ణి ఒక కోరిక కోరాడు. మా ఒడ్డుకి బోటులో రెండు గంటల దూరంలో ఏనాటిదో ఒక ఓడ మునిగి ఉంది. దాని ఇనుప ముక్కల చుట్టూ చేప బాగా చేరుతుంది. కానీ వల సరిగ్గా దాని మీద పడిందా, పేలికలే. దాని పక్కన వెయ్యాలి, దాని మీద వెయ్యకూడదు. ఒడ్డున తాడిచెట్లు, లైట్‌హౌసు కనపడే రోజున మావయ్యకి ఏ ఇబ్బందీ లేదు. మంచు కమ్మిన రోజున మాత్రం కష్టం. పై దేశాల్లో ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలని అడిగి మనమెక్కడున్నామో చెప్పే పెట్టెలు అమ్ముతారట గదా, ఒకటి తెచ్చిపెట్టరా అన్నాడు.

ఓడన్నయ్య యూరప్‌లో ఏదో రేవు నుంచి మా నెట్ సెంటరుకి ఫోన్ చేశాడు. "ఒరే, షాపులో ఉన్నాను. రెండు రకాలున్నాయి. ఒకటి ఇటుకలాగా ఉంది, నల్లగా. తెర మీద అంకెలు, ఒక బాణం గుర్తు, అంతే. నీళ్ళలో పడ్డా ఏమీ కాదట. రెండోది అరిచెయ్యంత రంగుల తెర. వేలు పెడితే పనిచేస్తుంది, ఆడగొంతుతో మాట్లాడుతుంది కూడా. ఇక్కడ కొన్నది మన దగ్గర పనిచేస్తుందో లేదో, ఏ దేశానికి ఏది పనికొస్తుందో నెట్‌లో చూసి చెప్పు. గంటలో మళ్ళీ చేస్తా."

చూశాను. చూడలేదని నన్నెవరూ అనలేరు. ఇలాంటి పెట్టెని ఒక దేశంలో కొని ఇంకో దేశంలో వాడేవాళ్ళు ఏమేం చూసుకోవాలో ఒక పేజీలో వివరంగా రాసుంది. వాడబోయే దేశం మ్యాపు అందులో ఉందో లేదో ముందు చూసుకోండి అనుంది. రంగుల తెరవి రోడ్ల మీద కార్లకి, ఇటుకలాంటివి నీళ్ళ మీదకి, కొండల మీదకి అని కూడా ఉంది. ఆ 'రోడ్లు' అనే మాట దగ్గర నేను ఆగాను. ఆగిన మాట నిజం. నాకు బాగా గుర్తు, ఎందుకంటే దాన్ని రెండోసారి చదివాను. అంతలో ఆ రంగుల పెట్టె బొమ్మ వచ్చింది. దాని కింద 'పాతిక దేశాల మ్యాపులు' అని పెద్దక్షరాలు. అది పట్టుకుని బోటులో నిలబడ్డట్టు నాకు నేనే కనిపించాను. ఇటుక పట్టుకుని నిలబడితే ఏం బాగుంటుంది?

ఓడన్నయ్య మళ్ళీ చేశాడు. "త్వరగా చెప్పు, కార్డులో మూడు నిమిషాలే ఉన్నాయి."

"రంగులది కొను."

"సముద్రంలో చూపిస్తుందంటావా?"

"పాతిక దేశాల దోవలు తెలిసినదానికి బందరు సముద్రం ఒక లెక్కా అన్నయ్యా?"

"అది కాదురా, షాపువాడు కారు, కారు అంటున్నాడు..."

"వాళ్ళకి కార్లే ఎక్కువ, అందుకని అంటాడు. నేను చూశాను గదా!" అన్నాను. ఆ మాటతో వాడు నోరు మూసుకున్నాడు.

పెట్టె వచ్చింది. చలికాలం, ఆదివారం. దాన్ని ప్రారంభించడానికని నేను ఊరెళ్ళాను. బోట్లు ఆగే చోట ఇరవై మంది చేరారు. ఆన్ చేస్తే తెర మీద తెల్లటి ఖాళీ, మధ్యలో చిన్న బాణం. అటు నొక్కాను, ఇటు నొక్కాను. అదృష్టమో దురదృష్టమో, అందులో కొనేవాళ్ళకి చూపించడానికి పెట్టిన నమూనా ఒకటి ఉంది. అది నొక్కితే ఏదో పరాయి ఊరి వీధులు కదులుతూ వచ్చి, ఒక ఆడగొంతు ఇంగ్లీషులో, ఎడమకి తిరగండి, తిన్నగా వెళ్ళండి అని చెప్పడం మొదలెట్టింది. జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. "దొరసానిరోయ్!" అన్నాడు రేడియో. (మావయ్య బోటులో పనిచేసేవాడు. వాడు మాట్లాడటం ఆపినప్పుడే ఒంట్లో బాగాలేదేమోనని అడిగేవాళ్ళు.) అప్పటి నుంచి దాని పేరు దొరసాని.

"మరి ఆ వీధులేంటిరా అల్లుడూ?" అన్నాడు మావయ్య.

"అవి శాంపిల్ మావయ్యా. సముద్రంలోకెళ్తే సముద్రం చూపిస్తుంది," అన్నాను. ఈ మాట చెప్పడానికి నాకు రెండు క్షణాలు కూడా పట్టలేదు. ఇప్పుడు రాయడానికే ఎక్కువసేపు పట్టింది.

మర్నాడు తెల్లారాక బయల్దేరాం. మావయ్య, రేడియో, నేను, దొరసాని. ఒడ్డు దాటిన గంటకి మంచు కమ్ముకుంది. బోటు ముందు కొస కూడా కనపడదు. మావయ్య ఇంతకుముందైతే వెనక్కి తిప్పేవాడే, ఆ రోజు మాత్రం "దొరసాని ఉంది గదా" అని ధైర్యంగా ముందుకే పోనిచ్చాడు. నేను తెర చూస్తున్నాను. తెల్లగా ఉంది. బయట తెల్లగా ఉంది, లోపలా తెల్లగానే ఉంది.

మావయ్య వంగి చూశాడు. "ఈ బాణం మనమేనా?"

"మనమే మావయ్యా."

"మరి మునిగిన ఓడేది?"

"దగ్గరకెళ్తే వస్తుంది."

బయల్దేరిన రెండు గంటలకి మావయ్య ఇంజను నెమ్మది చేసి, సీసం గుండు దించాడు. పైకి తీసి బురద నలిపాడు, వాసన చూశాడు. "ఇక్కడికి బాగా దగ్గర్లోనే ఉందిరా. కుడివైపునుంది. మనం ఎడంపక్కకి పోయి వల దించాలి," అన్నాడు. అంతా ఆయనే చెప్పేశాడు. "అవును మావయ్యా" అంటే చాలు, ఈ కథే లేదు. కానీ ఆయన నావైపు తిరిగి, "దొరసాని ఏవంటంది?" అనడిగాడు. గుడిలో పూజారిని అడిగినట్టు అడిగాడు. రేడియో కూడా చూస్తున్నాడు. ఏదో ఒకటి చెయ్యాలని గాభరాగా తెర మీద వేలు పెట్టాను. పెట్టగూడనిచోట పడింది. ఆ నమూనా మొదలైంది. దొరసాని ఆ మంచులో, ఆ నిశ్శబ్దంలో, ఖణీమని, రెండొందల మీటర్ల తర్వాత కుడికి తిరగండి అంది.

"ఏవంటంది?"

ఇక్కడ నేను నిజం చెప్పి ఉండాల్సింది. అది ఎక్కడో కారు తోలేవాడికి చెబుతోందని నాకు తెలుసు. నూటికి నూరుపాళ్ళూ తెలుసు. "కుడికి తిప్పమంటోంది మావయ్యా," అన్నాను. అని ఊరుకోకుండా కుడిచెయ్యి చాపి దిక్కు కూడా చూపించాను.

మావయ్య చేతిలో ఉన్న బురద వంక ఒకసారి చూసుకున్నాడు. తర్వాత చెయ్యి నీళ్ళలో కడుక్కుని, చుక్కాని కుడికి తిప్పాడు.

వల దించిన కాసేపటికే తాడు బిగిసింది. ఇంజను మూలిగింది. ఆ చప్పుడు విని రేడియో ముందు అరిచాడు. లాగుతుంటే మొదట రాలేదు, తర్వాత ఒక్కసారి తేలిగ్గా వచ్చేసింది. అంత తేలిగ్గా రావడం ఎంత చెడ్డదో నాకు కూడా అర్థమైంది. సగం వల కింద ఇనుములోనే ఉండిపోయింది. మిగిలిన సగం మావయ్య కాళ్ళ దగ్గర పడుంది. దొరసాని ఇంకా మాట్లాడుతోంది. ఎలా ఆపాలో తెలియక పెట్టెని నా చొక్కాలో దాచుకున్నాను. చొక్కాలోంచి కూడా వినపడింది.

ఒడ్డుకొచ్చేసరికి ఎండ కాసింది. చిరిగిన వల చూసి జనం మూగారు. "ఏవైంది సరంగూ? మంత్రాలపెట్టె ఉంది గదా?" అని ఒకాయన ఎకసెక్కంగా అడిగాడు. రేడియో చెప్పడానికి నోరు తెరిచాడు. మావయ్య వాడివైపు ఒక చూపు చూశాడు. జన్మలో మొదటిసారి రేడియో ఆగిపోయాడు.

"పెట్టె తప్పేం లేదు. నేనే బురద చూసి పొరబడ్డాను," అన్నాడు మావయ్య.

జనం నవ్వారు. ఇన్నేళ్ళ తర్వాత సరంగు ముక్కు మొద్దుబారిందన్నారు. నేను అక్కడే, ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. మధ్యాహ్నం అత్తయ్య పెట్టిన అన్నం తిని, (ఎలా తిన్నానో ఇప్పటికీ అర్థం కాదు, పులుసు రెండోసారి కూడా వేయించుకున్నాను) బెజవాడ బస్సెక్కేశాను. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీలు అడ్డమొచ్చి బస్సు గంటసేపు ఆగింది. ఆ గంటా దిగి వెనక్కి వెళ్దామా అని ఆలోచించాను. బస్సు కదిలాక, ఇంక దిగడానికి వీల్లేదు గదా అని ఊపిరి పీల్చుకున్నాను.

మూడు వారాలు ఊరెళ్ళలేదు. నెట్ సెంటర్లో ఎవరేం అడిగినా నోరు పెగిలేది కాదు. ఒక పెద్దాయన ప్రింటు తీసివ్వమంటే "తెలియదండీ" అన్నాను కూడా. నాలుగో ఆదివారం ఇక ఉండబట్టలేక వెళ్ళాను. వాకిట్లో మావయ్యా అత్తయ్యా కొత్తవల ముక్కని పాతదానికి అతికి అల్లుతున్నారు. కూర్చోకుండానే చెప్పేశాను. "మావయ్యా, ఆ రోజు దొరసాని చెప్పింది మన సముద్రం గురించి కాదు. ఎక్కడో రోడ్డు మీద కారు తోలేవాళ్ళ కోసం పెట్టిన శాంపిల్. మన సముద్రం దాంట్లో లేనే లేదు."

మావయ్య ముడి వేస్తున్నవాడల్లా ఆగాడు. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే తెలుసు."

సగంలో ఉన్న ముడి పూర్తిగా బిగించాడు. కొడితే బాగుండుననుకున్నాను. "పెట్టె పనిచెయ్యకపోతే పోయిందిరా," అన్నాడు చివరికి. "వల చిరిగితే అల్లుకుంటాం. నువ్వన్నావని నా ముక్కుని నేనే తప్పనుకున్నాను. వల చిరిగి ముక్కే నిజమని తేలినా, ఈ మూడు వారాలూ బురద తీసినప్పుడల్లా అనుమానమే. ఇదా, అదా అని. ఎన్నడూ లేదు నాకట్టా." కోపంగా అనలేదు. ఆరోగ్యం బాగాలేదని చెప్పుకున్నట్టు చెప్పాడు.

నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య నా మొహం చూసి, "నిలబడి ఏడుస్తావేంటి, ఈ కొస పట్టుకుని కూర్చో," అంది. పొద్దు వాలేదాకా ఆ కొస పట్టుకుని కూర్చున్నాను. నాకప్పగించడానికి ఆ ఇంట్లో అంతకంటే పెద్ద పని లేకపోయింది, అది న్యాయమే. వెళ్ళేముందు బోట్ల దగ్గరికి పోయి, ఆ రోజు ఎకసెక్కమాడినాయనకి అసలు సంగతి చెప్పాను. ఆయన ఊరంతా చెప్పాడు. ఆరు నెలలపాటు మా ఊళ్ళో పిల్లలు నన్ను చూస్తే చాలు, కుడిచెయ్యి చాపేవాళ్ళు.

ఎండాకాలంలో ఓడన్నయ్య ఆ ఇటుక పెట్టెనే తెచ్చాడు. దాంతోపాటు వచ్చిన పుస్తకాన్ని చదివి చెప్పమని మావయ్య కబురు పెట్టింది ఎవరికో తెలుసా? నాకే. అర్థం కాని మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, "ఇది నాకు తెలియదు మావయ్యా," అన్నాను. మొదటిసారి అన్నప్పుడు నాలుక తడబడింది. పదోసారికి అలవాటైంది. "తెలియనివన్నీ కాయితం మీద రాయి, ఓడన్నయ్యనడుగుదాం," అన్నాడాయన. కాయితం రెండువైపులా నిండింది.

ఇప్పుడు మావయ్య సముద్రం మీదకి వెళ్ళడం లేదు. పోయిన నెల కంట్లో శుక్లాలకి ఆపరేషనని బెజవాడ తీసుకొచ్చాను. ఆసుపత్రిలో కంటి లోపల పెట్టే అద్దాలు మూడు రకాలని చెప్పి, ఏది కావాలో తేల్చుకోమన్నారు. మావయ్య నావైపు తిరిగి, "ఏది మంచిదిరా అల్లుడూ?" అన్నాడు.

"నాకు తెలియదు మావయ్యా. డాక్టరుగారినే అడుగుదాం," అన్నాను.

బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దమనిషి మమ్మల్ని వింతగా చూశాడు. మావయ్య నా భుజం మీద చెయ్యి వేసి, ఆయనకి నన్ను పరిచయం చేశాడు. "మా అల్లుడండీ. కంప్యూటరు చదివాడు. ఏవడిగినా తెలియదనే అంటాడు," అన్నాడు, పదిమందికి వినపడేట్టు, బోల్డంత గర్వంగా. నేను తల వంచుకుని నవ్వాను. ఈసారి కూడా కాదనలేదు.