ఆయన దగ్గర లేని గ్లవ్స్

మొన్న అలమర అడుగున పాత దుప్పటి కోసం వెతుకుతుంటే ఆ వాసన తగిలింది. తడిసి, ఆరి, మళ్లీ తడిసి ముసలిదైపోయిన రబ్బరు వాసన, అందులో కాస్త నొప్పుల నూనె ఘాటు. మూట విప్పితే గోల్‌కీపర్ గ్లవ్స్ జత. అరచేతి వైపు మెత్తటి రబ్బరు పొడిపొడిగా రాలి నా వేళ్లకు అంటుకుంది. ఇవి ఫిన్ టియర్నీ అనే ఐరిష్ మనిషివి. కాదు, నావి. ఇలా సరిదిద్దుకోవడానికి కారణం ఉంది. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా తాత మలేషియాలో సుంగై సుమున్ దగ్గర ఒక తోటలో కంగాణి. మన ఉత్తర కోస్తా ఊళ్ల నుంచి ఓడలో వచ్చిన కూలీలకు పెద్ద. వెండి పొన్ను కర్ర, కొయ్య స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇల్లు, ఆయన వస్తే లేచి నిలబడే జనం. నేను పుట్టేనాటికి తోట చేతులు మారింది, ఇల్లు పోయింది, కర్ర మిగిలింది. సుంగై సిపుట్‌లో మా రెండు గదుల ఫ్లాట్‌లో ఆ కర్ర పక్కనే కూర్చుని నాయనమ్మ ఇంటి కట్టుబాట్లు కాపాడేది. ఇస్త్రీ లేని చొక్కాతో గడప దాటకూడదు. ఒకరు వాడి వదిలేసింది ఒంటి మీదికి రాకూడదు. “నేకపోతే నేకుండానే ఉంటాం. ఒకుడు ఇడిసిన గుడ్డ మనింట ఎవులూ కట్నేదు” అనేది. ఇప్పటికీ నేను ఆ మాటను తప్పు పట్టను.

పగలు నేను గ్లవ్స్ ఫ్యాక్టరీలో పని చేసేవాణ్ణి. ఆసుపత్రులకు వెళ్లే పల్చటి గ్లవ్స్. సాయంత్రం ఒక చిన్న క్లబ్బులో రెండో గోల్‌కీపర్‌ని. నా గ్లవ్స్ అరచేతుల దగ్గర అరిగి నున్నగా అయిపోయాయి. కొత్తవి కొనే రోజు వచ్చేదాకా వాటితోనే ఆడాలనుకున్నాను. మా డిఫెండర్ కుమార్ సగం తెలుగు, సగం తమిళం, మాట చివర ఇక్కడివాళ్లందరిలాగే ఒక “లా”. “డేయ్ సూరి, గ్లవ్స్ కంపెనీలో పని, సేతికి సూస్తే గ్లవ్స్ నేవు. ఫ్యాక్టరీవి ఓ జత ఏసుకొచ్చీ లా” అని ఏడిపించేవాడు.

మొదటి గోల్‌కీపర్ టియర్నీ. ఐర్లండ్ పడమటి ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు ఆయనది. చిన్నప్పుడు గోల్‌కు చిరిగిన చేపల వల కట్టుకుని ఆడాడట. ఇంగ్లండ్‌లో చాలా క్లబ్బులు తిరిగాడు, ఎక్కువ కాలం బెంచీ మీదే. “కళ్లకు గంతలు కట్టి కూర్చోబెట్టు, ఏ ఊరి బెంచీయో చెబుతాను” అని నవ్వేవాడు. ఆ తర్వాత హాంగ్‌కాంగ్, చివరికి మా పెరాక్ రాష్ట్రం. సీజన్ మధ్యలో మా మేనేజర్ మానేస్తే క్లబ్ అధ్యక్షుడు ఆ పని కూడా ఈయనకే అప్పగించాడు. ఆ అధ్యక్షుణ్ణి అందరూ బిరుదుతో డత్తో అనేవాళ్లు. అప్పటి నుంచి జట్టు పేర్లు రాసేదీ టియర్నీయే, అందులో మొదటి పేరూ టియర్నీదే. మోకాలు వాచినా సరే, గోల్ వదిలేవాడు కాదు. అన్నేళ్లు బెంచీ మీద కూర్చున్న మనిషికి ఆ చోటు ఎంత విలువైనదో నాకు తెలుసు. అందుకే ఎప్పుడూ అడగలేదు.

కానీ ప్రాక్టీసు అయ్యాక నన్ను ఆపి చీకటి పడేదాకా బంతులు కొట్టేవాడు. నేను నిలబడే తీరు చూసి జట్టులో కొందరు పొగరనేవాళ్లు. ఆయన మాత్రం వేరుగా చూశాడు. “గోల్ పడ్డాక ముందున్న వాళ్లంతా వెనక్కి తిరిగి నీ మొహమే చూస్తారు. నీ వెన్ను వంగదు. అది నేను ఎవరికీ నేర్పలేను. మిగతాది నేర్పుతాను.”

ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నాయనమ్మ ఆయన్ని తేరిపార చూసి, “ఏటి బాబూ, ఇలా కాలిపోనావు, గొడుగు నేదా?” అంది. ఆయనకు మొదటి ముక్క ఒక్కటే అందింది. “ఏటి,” అన్నాడు గంభీరంగా. ఆమె నవ్వలేక పక్కకు వాలిపోయింది. అప్పటి నుంచి గ్రౌండులో నేను బంతి వదిలినప్పుడల్లా “ఏటి, సూరీ?” అని కేక వినిపించేది.

ఆ సీజన్ చివరి మ్యాచ్ ఓడితే క్లబ్ కింది లీగుకు దిగిపోతుంది. ఆ రోజు ఆయన రాసిన జట్టులో మొదటి పేరు నాది, తన పేరు బెంచీలో. ఆయన వచ్చి తన గ్లవ్స్ నా కొక్కేనికి తగిలించాడు.

“వాన వచ్చేలా ఉంది. నీవి జారతాయి.”

“నాకున్నాయి, కోచ్.”

“జాలితో ఇవ్వడం లేదు.”

“ఇచ్చేవాళ్లందరూ అదే అంటారు.”

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. గ్లవ్స్ అక్కడే వేలాడాయి.

వాన వచ్చింది. తిన్నగా చేతుల్లోకి వచ్చిన బంతి సబ్బులా జారి గోల్‌లోకి వెళ్లింది. విరామంలో డత్తో తడి గొడుగుతో డ్రెస్సింగ్ రూములోకి వచ్చాడు. “టియర్నీ, ఇప్పుడు నువ్వు దిగు. ఈ మ్యాచ్ పోతే నీ ఉద్యోగమూ పోతుంది.”

టియర్నీ మోకాలికి కట్టిన పట్టీ సర్దుకుంటూ, “దిగలేను డత్తో. నా దగ్గర గ్లవ్స్ లేవు,” అన్నాడు.

“లేకపోవడమేమిటి?”

“ఉన్న ఒక్క జతా మా గోల్‌కీపర్‌ది.”

అందరి కళ్లూ నా తలకు పైనున్న కొక్కెం మీదికి వెళ్లాయి. ఆయన మాత్రం నా వైపు చూడలేదు. ఒకరు వదిలేసింది మా ఇంట్లో తొడగరు. అయితే మన పక్షాన మాట చెప్పిన మనిషిని నలుగురిలో అబద్ధాలకోరుగా నిలబెట్టడం కూడా మా ఇంట్లో లేదు. లేచి నా గ్లవ్స్ విప్పి బెంచీ మీద పెట్టి, కొక్కేనికి ఉన్నవాటిని తీసుకున్నాను. లోపల ఇంకొకరి వేళ్లు చేసుకున్న చోటు నా వేళ్లకు తగిలింది. కుమార్ వచ్చి మణికట్టు దగ్గర పట్టీ బిగించాడు. “సరిపోనాయా లా?” అన్నాడు, ఈసారి ఏడిపించకుండా. డత్తో గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

రెండో సగంలో నన్ను దాటి ఏదీ పోలేదు. కార్నర్ నుంచి వచ్చిన బంతిని కుమార్ తలతో లోపలికి కొట్టాడు. సమానంగా ముగిసిన ఆ మ్యాచ్‌తో క్లబ్ నిలబడింది, ఆయన ఉద్యోగమూ నిలబడింది. గ్లవ్స్ కడిగి ఇవ్వబోతే, “నావి కావని చెప్పాను కదా,” అన్నాడు. ఆ తర్వాత ఆయన ఏ మ్యాచ్‌లోనూ గోల్‌లో నిలబడలేదు. ఎవరైనా ఎప్పటి నుంచి మేనేజర్ అని అడిగితే, డత్తో పని అప్పగించిన రోజు కాదు, ఆ వాన రోజు చెప్పేవాడు.

ఇంటికి తెచ్చి ఫ్రిజ్ వెనక ఆరబెట్టాను. నాయనమ్మ చూసింది. “ఎవులివిరా?”

“నావే.”

వాటి సైజు చూసింది, నా చేతులు చూసింది. “మరి ఎండలో ఎయ్యకు, పగిలిపోతాయి,” అంది.

టియర్నీ తర్వాత కౌలాలంపూర్‌లో ఒక జట్టును నడిపి, సొంత ఊరికి వెళ్లిపోయాడు. అక్కడి చిన్న క్లబ్బుకు ఇప్పుడు ఆయనే మేనేజర్. ఫోన్ చేస్తే వెనక సముద్రపు గాలి, ముందు “ఏటి, సూరీ?” వినిపిస్తాయి.

నేనూ ఇప్పుడు ఇక్కడ ఆదివారాల జట్టు ఒకటి నడుపుతున్నాను. పిలిస్తే ఇంకా గోల్‌లో నిలబడగలను. నిలబడాలనీ ఉంటుంది. మావాళ్లు వెనకబడ్డప్పుడు గట్టు మీద నుంచి, “సూరన్నా, నువ్వే దిగు లా” అని అరుస్తారు. మా గోల్‌కీపర్ తిరిగి నా మొహం చూస్తాడు. మ్యాచ్ రోజు చొక్కా ఇస్త్రీ చేసుకుని, నా గ్లవ్స్ ఇంట్లోనే పెట్టి వెళతాను. నా దగ్గర లేవని చెబుతాను. అది నిజమే.