పరుపు మీద బంగారుతీగ

అత్లోన్‌లో రైలెక్కగానే ఆకలేసి, ఒళ్లో ఉన్న అన్నం డబ్బా మీద చెయ్యి వేశాను. ఎదుటి సీట్లో గాలపు కర్రల కట్ట పట్టుకుని ఒక ఐరిష్ పెద్దాయన కూర్చున్నాడు. చేపలు పట్టడానికి హంగరీ వెళుతున్నాడట.

"అక్కడ సముద్రమే లేదు కదండీ! మీకేమో దేశం చుట్టూ సముద్రం, ఊరి మధ్యలో నది."

"అక్కడి చెరువుల్లో బంగారుతీగ చేపలు పందిపిల్లంతేసి ఉంటాయి" అంటూ ఫోన్‌లో ఫొటో చూపించాడు.

చేప మెత్తటి పరుపు మీద పడుకుని ఉంది. గాలం గుచ్చుకున్న దాని పెదవికి ఆయన మందు రాస్తున్నాడు. నాకిక్కడ డాక్టర్ దొరకాలంటే వారం పడుతుంది. దానికి మాత్రం గట్టు మీదే వైద్యం.

"తర్వాత ఏం చేస్తారు?"

"ముద్దుపెట్టి నీళ్లలో వదిలేస్తాను. మరి మీ ఊళ్లో?"

మాది భీమవరం. అంత చేప దొరికితే వీధి వీధంతా పంచుకుంటాం. ఆ మాట ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను.

"మేమూ రాస్తామండీ, పసుపు."

"గ్రాండ్! గాయానికి పసుపు మంచిదని మా ఆవిడ కూడా అంటుంది" అని ఆయన మురిసిపోయాడు.

కడుపు కాలుతున్నా డబ్లిన్ చేరేదాకా డబ్బా మూత తీయలేదు. పసుపు రాసిన ముక్కలన్నీ అందులోనే, పులుసులో ఉన్నాయి.