దేవా చేతికి గెల కత్తి

అది 2007. మిరప కోతలు ముగింపుకొచ్చిన రోజులు. ములకలపల్లి చుట్టుపక్కల పామాయిల్ తోటలకు నేను ఫీల్డ్ ఆఫీసర్‌ని. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మోటారు సైకిలు మీద తోట తోటకీ తిరిగి ఎరువు ఎప్పుడు వేయాలో, గెలలు ఎప్పుడు కోయాలో చెప్పడం, ధర పడిపోయినప్పుడు రైతుల చేత తిట్లు తినడం నా ఉద్యోగం.

పామాయిల్ మన చెట్టు కాదు. ఆఫ్రికాలో పుట్టి, తెల్లదొరల ఎస్టేట్ల వెంట దేశాలు తిరిగి, చివరికి మన దాకా వచ్చింది. చెట్టు ఎదిగాక గెల కోయాలంటే పొడవాటి గొట్టం చివర బిగించిన వంపు కత్తి కావాలి. దాన్ని సికిల్ అంటాం. కింద నిలబడి, తల పైకెత్తి, మట్టనీ గెల కాడనీ తెగేటట్టు లాగాలి. సికిల్ పట్టినవాడికి కూలీ ఎక్కువ, పైగా ఏడాది పొడుగునా పని. గెలలు మోసేవాళ్ళనీ, రాలిన పండ్లు ఏరేవాళ్ళనీ మాత్రం అవసరమైతే పిలుస్తారు, లేకపోతే లేదు.

దేవాకి కావలసింది ఆ ఏడాది పొడుగు పని. సరిహద్దు అవతలి గొడవల్లో ఊరు వదిలి, పెళ్ళాం పిల్లలతో, మరికొన్ని కుటుంబాలతో వచ్చి అడవి అంచున గుడిసెలు వేసుకున్న గొత్తికోయ గిరిజనుడు అతను. మిరప కోత అయిపోతే కూలి లేదు. వెనక్కి పోదామంటే అక్కడ ఇళ్ళు మిగల్లేదు. వెంకటేశ్వర్లు గారి తోటలో గెలలు మోస్తూ, ఓ రోజు నన్ను పక్కకి పిలిచి "సారూ, కోత నేర్పు. ఉండిపోతం" అన్నాడు.

ఆ మాట వెంకటేశ్వర్లు గారి చెవిన వేశాను. అన్నం పెట్టే చెయ్యే కానీ, నోటికి తాళం లేని మనిషి.

"ఏంది సార్ మీరు! ఆళ్ళ చేతికి గంత పొడుగు కత్తి ఇస్తరా? మోయమంటే మోస్తరు, ఏరమంటే ఏరుతరు, గది చాలు. కత్తి పని ఆ జాతికి రాదు."

నాకు ఒళ్ళు మండింది. కానీ తోట ఆయనది, నాది నోరు మాత్రమే.

సరిగ్గా అప్పుడే కోత నేర్పడానికి మా పామాయిల్ కంపెనీ మలేసియా నుంచి అప్పలసామి గారిని పిలిపించింది. అక్కడి ఎస్టేట్లో మేస్త్రీగా చేసి రిటైరైన పెద్దాయన. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్ళిన కూలీల వంశం. కారు నలుపు మనిషి, నిక్కరు, మోకాళ్ళ దాకా బూట్లు. వెంకటేశ్వర్లు గారు మొదట ఆయన్ని దాటి నా దగ్గరికి వచ్చి "ఫారిన్ సార్ ఏడి?" అని అడిగారు. పెద్దాయన పడీ పడీ నవ్వారు. "నానే బాబూ. రంగు సూసి మోసపోయేరు" అన్నారు.

కోత చూపించడం అయ్యాక అప్పలసామి గారు కూలీల గుంపు వైపు తిరిగి "కత్తి ఎవరు పడతారు?" అన్నారు. దేవా ముందుకొచ్చాడు. వెంకటేశ్వర్లు గారు నోరు తెరిచేలోపే సికిల్ దేవా చేతిలో ఉంది.

దేవా చెట్టు కిందికి వెళ్ళాడు. పైకి చూశాడు. కోయలేదు. కత్తిని మెల్లగా చెట్టు మొదట్లో పడుకోబెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూసిన్రా! నే చెప్పలే? భయపడుతుండు. గిది ఆళ్ళ పని కాదు సార్" అన్నారు వెంకటేశ్వర్లు గారు. గొంతులో గెలుపు వినిపించింది. దేవా చేతిలోంచి పని జారిపోవడం కళ్ళారా చూస్తున్నాను.

అప్పలసామి గారు మాత్రం దేవా దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగారు. "ఏటయ్యిందయ్యా?"

దేవా మిరప చేలల్లో నేర్చుకున్న తెలుగులో కూడబలుక్కున్నాడు. "ఇన్నాళ్ళు మోసినం. కొయ్యలే. ఇదే మొదలు. కొత్త పంట కోసేటోడు భూమి తల్లికి చెప్పాలె. చెప్పకుండ కోస్తే తప్పు. జల్లి మొక్కుదమంటే బియ్యం లేవు."

పెద్దాయన వంగి బూట్లు విప్పి పక్కన పెట్టి, చెట్టు మొదట్లో దేవా పక్కన చతికిలబడ్డారు.

"బాబూ," అన్నారు వెంకటేశ్వర్లు గారితో. "మా తాతకి రబ్బరు సెట్టు గీసే కత్తి మొదటిసారి ఇచ్చినప్పుడు, ఆయనా ఇలాగే చెట్టు కింద పెట్టి, బియ్యం గింజలు జల్లి మొక్కేడంట. దొర గుర్రం మీంచి సూసి, ఈ జాతికి కత్తంటే భయం అన్నాడంట. కత్తి లాగేసుకున్నాడు. మా తాత సచ్చేదాకా గడ్డే పీకేడు. మా నాన్నకీ కత్తి ఇవ్వలేదు. ఇప్పుడు మీరన్నది ఆ దొర మాటే."

వెంకటేశ్వర్లు గారి మొహం మాడిపోయింది. మీసం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. ఆ తర్వాత చరచరా మోటారు షెడ్డు వైపు నడిచారు. కోపమొచ్చి వెళ్ళిపోతున్నారనుకున్నాను. కానీ అక్కడ కాపలావాడు వండుకునే బియ్యం ఓ గిన్నెతో పట్టుకొచ్చి దేవా ముందు పెట్టారు. "మొక్కు. జల్దీ మొక్కి కొయ్యి. ఎండెక్కుతుంది" అన్నారు, ఇంకెటో చూస్తూ.

దేవా గింజలు జల్లి తన భాషలో ఏదో చెప్పుకున్నాడు. కత్తి ఎత్తాడు. నిజం చెప్పాలంటే మొదటి గెలను ముక్కలు చేశాడు. రెండోది కూడా అంతంతమాత్రమే. మూడోది మాత్రం కాడ మొదట్లో తెగి ధబ్బున పడింది. పండ్లు ఏరే ఆడవాళ్ళు సంబరంగా కేకలేశారు. అప్పలసామి గారు లేచి, ఏ మొహమాటమూ లేకుండా వాళ్ళతో కలిసి రాలిన పండ్లు ఏరడం మొదలుపెట్టారు.

దేవా వాళ్ళు ఆ ఎండాకాలం ఎక్కడికీ పోలేదు. ఆ తోటలో కోత వాళ్ళదే అయింది. పక్క తోటల వాళ్ళు అడిగితే, "మా దేవాని అడగాలె. ఖాళీ ఉంటే వస్తడు" అని వెంకటేశ్వర్లు గారు దర్జాగా చెప్పేవారు.

అప్పలసామి గారంత మనిషిని నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. తాతకు దక్కని కత్తిని ఇంత దూరం వచ్చి ఇంకొకడి చేతికి ఇచ్చిన మనిషి ఆయన. దొరలు పోయి ఎన్నాళ్ళో అయినా, వాళ్ళ మాట మన గట్ల మీద ఇంకా హాయిగా కూర్చునే ఉందని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి కొత్తవాళ్ళకి పని నేర్పే ముందు ఒక్క ప్రశ్న వేస్తాను. "మీ దగ్గర పని ఎట్లా మొదలుపెడతారు?" దానికి జవాబు లేని మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు.