పసుపు చీటీ

బొంతపల్లి మందుల కంపెనీలో మాణెమ్మ పద్నాలుగేళ్లుగా డ్రమ్ములకు చీటీలు అంటిస్తోంది. పరీక్ష కావలసిన సరుకుకు పసుపు, పాసైతే ఆకుపచ్చ, పాడైతే ఎరుపు. సూపర్‌వైజర్ ఎంత తొందరపెట్టినా రిపోర్టు చేతికి రానిదే రంగు మార్చదు. అంటించిన చీటీని బొటనవేలితో నాలుగు మూలలా అదిమితే గాని ఆమెకు తృప్తి ఉండదు. ఆ వేలికే మొన్న స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ తగిలింది. మర్నాడే సెలవు పెట్టి, వదిన బాలమణిని వెంటబెట్టుకుని సంగారెడ్డి ఆసుపత్రికి బస్సెక్కింది.

డాక్టరమ్మ రెండు రొమ్ములూ, చంకలూ తడిమి చూసింది. స్కానింగ్ తీయించింది. ఆ చోటికి మాత్రం మత్తిచ్చి, సూదితో గడ్డలోంచి నూలుపోగంత ముక్క తీసి సీసాలో వేసింది. "రిపోర్టు వారానికి వస్తదమ్మా," అంది డాక్టరమ్మ.

బయట బెంచీ మీద బాలమణి అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "నీ బతుకు గిట్లాయె, ఏం పాపం జేసినవే మాణెమ్మా!"

సూది గుచ్చిన చోట, రవిక మీది నుంచే దూదిని బొటనవేలితో గట్టిగా అదిమిపట్టి, మాణెమ్మ ఆమె పక్కన కూర్చుంది.

"ఊకో వదినె. రిపోర్టు రాకముందే నాకు ఎర్రచీటీ అంటియ్యకు. మా కంపెనీల గట్ల చేస్తే నౌకరీకెల్లి తీసేస్తరు."